ఊఁ కొట్టే మంగళవారాలు

హోసూరు,
6 ఫిబ్రవరి 2008

శశక్కకు రేణు నమస్కారాలు.

మీ ఇంట్లో ఉన్న ఒక్క సెల్లూ బావతో పాటు కృష్ణగిరి మండీకి పోతుంది. మంగళవారం కంప్యూటరులో మాట్లాడుకుందామంటే మూడు ఊళ్ళు వింటాయి. కాబట్టి మనకు మళ్ళీ ఉత్తరాలే గతి. మంచిదేలే. తాత దిద్దించిన తెలుగు అక్షరాలు నేను వాడేది నీకు రాసేటప్పుడే.

నిన్నటి నా మొదటి పశుపోషణ పాఠం నువ్వు కుందారపల్లి హాల్లో కూర్చుని చూశావు. ఇక్కడ హోసూరు గదిలో నాకెలా ఉండిందో నీకు తెలియదు కదా, చెబుతాను. నేను పశువైద్యం చదివినదాన్ని. ఆవు మెడ మీద చెయ్యి వేసి మాట్లాడటం నేర్చుకున్నాను. ఆవు చెవి కదిలిస్తుంది, తోక ఆడిస్తుంది, నచ్చకపోతే తంతుంది. ఏదో ఒక జవాబు చెబుతుంది. ఇక్కడ నా ఎదురుగా ఒక కంప్యూటరు, దాని నెత్తిన గోలీకాయంత కెమెరా. తెర మీద మూడు చిన్న డబ్బాలు, తళి, అంచెట్టి, కుందారపల్లి. మిమ్మల్ని చూద్దామని డబ్బాలోకి చూస్తే, మీకు నేను నేలచూపులు చూస్తున్నట్టు ఉంటుందట. సరే అని కెమెరాలోకి చూస్తే నాకు మీరెవరూ కనపడరు. ఎదురెదురుగా ఉండీ ఒకరి కళ్ళలోకి ఒకరు చూడలేని ఏర్పాటు ఇది.

తళిలో మగవాళ్ళు బీడీకని ఒక్కొక్కరే లేచారు, ఎవరూ తిరిగి రాలేదు. అంచెట్టిలో బొమ్మ ఆగిపోయింది. ఒక ముసలాయన ఆవలించబోయి నోరు తెరిచినవాడు అలాగే నిలిచిపోయాడు. పాఠం అయ్యేదాకా ఆయన నోట్లోకి చూస్తూ మాట్లాడాను. మీ కుందారపల్లి ఒక్కటే నన్ను బతికించింది. చప్పుడు లేదు. ఆడవాళ్ళందరూ తలలు వంచుకుని కూర్చున్నారు. రాసుకుంటున్నారా అక్కా?

మే నెల దాకా చూస్తామని చెన్నకేశవ సార్ అన్నారు. కృష్ణగిరి ఆఫీసులో ఈ పనికంతా ఆయనే పెద్ద. జనం నిలవకపోతే పాఠాలన్నీ సీడీలకెక్కించి ఊళ్ళకు పంపేస్తారట. అప్పుడు గదిలో నేనక్కర్లేదు, హాలు తెరిచే నువ్వూ అక్కర్లేదు. నాకు కోళ్ళ మందులమ్మే పని కాచుకుని ఉంది. ఆ పని నాకు వద్దు. ఉన్నది ఉన్నట్టు రాయి.

నీ రేణు


కుందారపల్లి,
11 ఫిబ్రవరి 2008

చి. రేణుకు శశక్క దీవెనలు.

నీ పాఠం బాగుంది. నీ చీర కూడా బాగుంది, ఆ నీలం నీకు నప్పింది. ఎవరూ లేచి పోలేదు, తల ఎత్తకుండా కూర్చున్నారు, నువ్వు చూసిందే కదా. ఇక్కడి మైకు గరగరమంటుంది, అందుకే కట్టేశాను. నీ మాట మాకు వినిపిస్తే చాలు కదా.

ముందు వరసలో ఎర్ర చీర కట్టుకున్నది రంగమ్మ. మా వీధికంతా ఆమె మాటే మాట. నీ గురించి అడిగింది. "ఆ పాప అన్నం తింటాదా లేదా? గొంతు ఏమి అంత సన్నంగా ఉండాది?" అనింది. నువ్వు మాట్లాడేది ఆఫీసు తమిళం కదా, "మన మాట రాదా ఆ పిల్లకు?" అని కూడా అనింది. వచ్చునని చెప్పాను. ఆమె ఆవు తొలిచూలు కట్టింది, వేసవిలో ఈనుతుందట. దాన్ని చూసుకున్నంత బాగా మొగుణ్ణి కూడా చూసుకోదు.

ఒక మాట చెప్పాలి రేణూ. పెళ్ళయిన తర్వాత నా చేతికి ఒక తాళంచెవి రావడం ఇదే మొదటిసారి. ఇంటి తాళంచెవి అత్త నడుముకు ఉంటుంది, మండీ తాళంచెవి మీ బావ నడుముకు ఉంటుంది. హాలుది నా నడుముకు ఉంది. నడుస్తుంటే చప్పుడవుతుంది. నాకు ఆ చప్పుడు ఇష్టం.

శశక్క


హోసూరు,
12 మార్చి 2008

శశక్కకు నమస్కారాలు.

నిన్న పాఠం మధ్యలో తళి డబ్బాలో ఖాళీ కుర్చీలు, అంచెట్టి డబ్బాలో ఒక కుక్క. నువ్వు నవ్వకు, అది కూడా కాసేపటికి లేచి పోయింది. నేను మాత్రం కుందారపల్లిని చూసుకుని ధైర్యంగా మాట్లాడుతున్నాను. వంచిన తలలు వంచినట్టే ఉన్నాయి. చేతులు కూడా ఆడుతున్నాయి. అంతమంది అంత శ్రద్ధగా రాసుకోవడం నేను కాలేజీలో కూడా చూడలేదు.

చెన్నకేశవ సార్‌కు ఆ మాటే చెప్పాను. ఆయన ఎంత సంతోషపడ్డారో. పై అధికారులకు చూపించాలట, ఒకటి రెండు నోట్సు పుస్తకాలు తెప్పించమన్నారు. కృష్ణగిరి బస్సు నడిపే మన తిమ్మరాజు చేతికిచ్చి పంపు. రాత బాగుండకపోయినా ఫరవాలేదు. రంగమ్మది తప్పకుండా ఉండాలి.

ఈ పని నిలుస్తుందని నాకు మొదటిసారి అనిపిస్తోంది అక్కా. నీ వల్లనే.

రేణు


కుందారపల్లి,
17 మార్చి 2008

రేణూ,

నువ్వు అడిగిన నోట్సు తిమ్మరాజుకిచ్చి పంపాను. ఇన్నాళ్ళ మంగళవారాల్లో మా వాళ్ళు రాసిందంతా అందులోనే ఉంది. ఒంటరిగా ఉన్నప్పుడు విప్పి చూడు. చూసిన తర్వాత నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు. ఆకలేస్తే పులుసు పెట్టుకో.

శశక్క


హోసూరు,
20 మార్చి 2008

అక్కా,

ఒంటరిగా విప్పలేదు. తిమ్మరాజు పొట్లం ఇచ్చినప్పుడు చెన్నకేశవ సార్ హోసూరులోనే ఉన్నారు. ఆయన ముందరే విప్పాను. గింజ తీసి, పీచు తీసి, ముద్దగా ఒత్తిన చింతపండు. కొత్తది, ఎర్రగా ఉంది. ఆయన కొంచెం గిల్లి నోట్లో వేసుకుని "బాగుంది" అన్నారు. నేను ఎక్కడికి పోవాలో తెలియక కంప్యూటరు వెనక తీగలు సర్దినట్టు నటించాను.

"మే నెలలో నేనే వచ్చి ఆ హాల్లో కూర్చుంటాను. అప్పుడు తేల్చుకుందాం" అని చెప్పి వెళ్ళారు.

అయితే వాళ్ళు చేతులాడించింది సుత్తులతో చింతపండు కొట్టి గింజ తీయడానికి. నువ్వు మైకు కట్టేసింది గరగరకు కాదు, సుత్తుల చప్పుడు నాకు వినపడకూడదని. నేను గొంతు ఎండిపోయేలా మాట్లాడి, నీళ్ళు తాగి, మళ్ళీ మాట్లాడి, రాత్రి పడుకుని మీ వంచిన తలల్ని తలుచుకుని నిద్రపోయేదాన్ని. తళి వాళ్ళు నయం. విసుగు పుడితే లేచి పోయారు, నాకు తెలిసింది. ఉన్నది ఉన్నట్టు రాయమని నేను అడిగింది నిన్ను ఒక్కదాన్నే. నన్ను అందరి ముందు పిచ్చిదాన్ని చేసింది కూడా నువ్వే.

నాకు చాలా కష్టంగా ఉంది. ఇక రాయను.

రేణు


కుందారపల్లి,
28 మార్చి 2008

రేణూ,

నువ్వు రాయనన్నావు కాబట్టి నేనే రాస్తున్నాను. తిట్లు అయిపోయాయి కదా, ఇప్పుడు విను.

హాలు తాళంచెవి తీసుకుంటానన్న రోజున మీ బావ ఒకే ఒక మాట అన్నాడు. "నువ్వు హాలు తెరుచుకో, నాకేమి. మంగళవారం పండు మాత్రం మండీకి రావాల్సిందే." ఈ వీధి ఆడవాళ్ళు కొట్టేది మీ బావ మండీ పండే. తూకం లెక్కన కూలి. చేతులు ఊరికే పెట్టుకుని కూర్చుంటే ఆ పొద్దు కూలి లేదు. నీ పాఠానికి రమ్మంటే రంగమ్మ నన్ను కింది నుంచి పైకి చూసి, "పండు నువ్వు కొడతావా శశమ్మా?" అనింది. అందుకే రాళ్ళూ సుత్తులూ హాల్లోకే తెచ్చుకోమన్నాను. ఫ్యాను ఉంది, వచ్చారు. నీకు రాయలేదు. రాస్తే నువ్వు మొదటి వారమే డీలా పడతావని భయపడ్డాను. నా నడుముకున్న తాళంచెవి పోతుందని కూడా భయపడ్డాను. రెండూ నిజమే.

అయితే చేతికి పని ఉంది కాబట్టి వాళ్ళు వినలేదని అనుకోకు. ఇదే ఆడవాళ్ళు ఇదే పని చేస్తూ రంగమ్మ చెప్పే కథలు వింటారు. ఆమె తోడికోడలి గొడవ ఒకటి ఉంది, మూడేళ్ళుగా నడుస్తోంది, ఒక్క ముక్క ఎవరూ మరిచిపోలేదు. ఆమె చెబుతుంటే ఎవరో ఒకరు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే ఆమె మాట ఆపేస్తుంది. "ఊఁ కొట్టకుంటే నేను ఎవురికి చెప్పేది, గోడకా?" అంటుంది. నువ్వు మాట్లాడినప్పుడు ఎవరూ ఊఁ కొట్టలేదు. ఎందుకు కొడతారు? అరవై ఆవుల షెడ్డు బొమ్మ చూపించి, ఇంగ్లీషు అంకెల పట్టీ వేసి, వాళ్ళ మాట కాని మాటలో చెప్పావు. రంగమ్మ ఒకసారి తలెత్తి చూసి, "అరవై ఆవులుంటే నేను ఈడ ఎందుకు కూసుంటాను?" అని మళ్ళీ సుత్తి తీసుకుంది. నువ్వు చెప్పింది కెమెరాకు, వాళ్ళకు కాదు.

నేను మైకు కట్టేయడం తప్పు. ఊఁ వినపడకుండా నీకూ వాళ్ళకూ నడుమ గోడ కట్టింది నేనే. వచ్చే పాఠానికి తెరిచి పెడతాను. ఆ చప్పుడు భరిస్తావో, పారిపోతావో నీ ఇష్టం.

శశక్క


హోసూరు,
9 ఏప్రిల్ 2008

శశక్కకు,

కోపం ఇంకా కొంచెం ఉంది. అయినా రాస్తున్నాను.

మొన్న ఒకటో తేదీ నువ్వు మైకు తెరవగానే ఇక్కడి స్పీకరు బద్దలవుతుందనుకున్నాను. ఇరవై సుత్తులు రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడ్డట్టు. నేను ఏం మాట్లాడానో నాకే వినపడలేదు. స్లైడు మార్చడం మరిచిపోయి అలాగే కూర్చున్నాను. అప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చి, తెలుగులో, "రంగమ్మక్కా, మీ ఆవు పేరేమి?" అని అడిగాను. సుత్తులు కొంచెం తగ్గాయి. "గౌరి" అని వినిపించింది. "మేత బాగా తింటాదా?" అన్నాను. "నీకంటే బాగా తింటాది" అనింది. ఆ నవ్వులన్నీ మైకులోంచి ఈ గదిలోకి వచ్చాయి అక్కా. ఈ గదిలో అంతవరకూ ఎవరూ నవ్వలేదు.

నిన్న రెండోసారి. ఇప్పుడు నాకు ఒకటి తెలుస్తోంది. తెరలో మీ ముఖాలు ఎలాగూ కనపడవు, బియ్యపు గింజలంత ఉంటారు. కానీ సుత్తులు చెబుతాయి. నా మాట విసుగనిపిస్తే అవన్నీ ఒకే వేగంగా, గట్టిగా పడతాయి. మాట పనికొచ్చేదైతే మెల్లగా, ఎడంగా పడతాయి. చప్పుడు పెరిగినప్పుడల్లా నేను చెప్పేది ఆపి ఎవరినో ఒకరిని పేరు పెట్టి పలకరిస్తున్నాను. తళిలో, అంచెట్టిలో కూడా మైకులు తెరవమన్నాను. అంచెట్టి హాలు బయట సోమప్ప అనే ఆయన ఎద్దు మెడగంట వినిపిస్తుంది. ఆ ఆవలించిన ముసలాయన ఆయనే. మంచివాడు, నన్ను తిరిగి ప్రశ్నలడుగుతాడు.

స్లైడులు పక్కన పెట్టేశాను. శనివారం శనివారం బస్సెక్కి తళి పోయి ఆవులున్న ఇళ్ళలో కూర్చుని వస్తున్నాను. అక్కడ లక్ష్మక్క అని ఒకామె ఉంది. ఆమె ఆవుకు జరిగింది వింటే మీ వీధి వాళ్ళంతా వినాలనిపించింది. చెప్పుకోవచ్చా అని అడిగితే, "చెప్పుకో తల్లీ, నా పేరు పెట్టే చెప్పు" అనింది. చెన్నకేశవ సార్ వచ్చే రోజుకు దాన్ని దాచిపెట్టాను.

భయంగానే ఉంది.

రేణు


హోసూరు,
14 మే 2008, బుధవారం

శశక్కా,

ఇది పోస్టులో వేస్తే ఎప్పటికి చేరుతుందో, అందుకే తిమ్మరాజుకిస్తున్నాను. బావ సెల్లుకు నిన్నటి నుంచి చేస్తున్నాను, గాలివానకు టవరు పడిపోయిందో ఏమో, పలకడం లేదు. ముందు పనికొచ్చే మాట రాస్తాను. రంగమ్మకు వెంటనే చెప్పు. ఆవు ఈనిన తర్వాత దూడ వెనక రావాల్సిన మాయ పడకపోతే దానికి రాయి కట్టకూడదు. చేత్తో లాగకూడదు. పూట గడిచినా పడకపోతే డాక్టరును పిలవాలి. ఈ ముక్క ఆమెకు చదివి వినిపించిన తర్వాతే మిగతాది చదువు.

నిన్న నాకేమి జరిగిందో ఇప్పుడు చెబుతాను. తెరలో చెన్నకేశవ సార్ తెల్ల చొక్కాతో కుర్చీలో కనిపించారు. రంగమ్మ ఆయన ముందర చాట పెట్టి ఏదో అనింది, నాకు వినపడలేదు. నేను లక్ష్మక్క కథ మొదలుపెట్టాను. తొలిచూలు ఆవు, పొద్దున్నే ఈనింది, దూడ బాగుంది, మధ్యాహ్నమైనా మాయ పడలేదు. వీధి వాళ్ళంతా చేరి బరువుకు రాయి కట్టమన్నారు. ఇక్కడికి రాగానే మీ వైపు నుంచి, "మా ఊర్లోనూ అంతే కడతాము" అని ఎవరో అన్నారు. సుత్తులు మెల్లగా పడుతున్నాయి. లక్ష్మక్క రాయి తెచ్చింది. తాడు పేనింది. "ఆమె తాడు పట్టుకొని వంగితే, ఆవు తల తిప్పి ఆమె దిక్కు చూసినాది" అన్నాను.

సుత్తులు ఆగిపోయాయి. ఒకటి, ఇంకొకటి, ఆఖరుకు అన్నీ. లైను తెగిందనుకున్నాను. నోరు తెరిచి, "వింటాండారా?" అని అడగబోతుంటే రంగమ్మ గొంతు వినిపించింది. "ఊఁ."

అంతే అక్కా, ఒక్క ఊఁ. నాకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి. అవి తుడుచుకుని చెప్పబోతే తెర నల్లబడింది. ఈసారి నిజంగానే తెగింది. మీ ఊళ్ళో కరెంటు పోయిందని తర్వాత తెలిసింది.

ముందర సంతోషంతో కూర్చున్నాను. తర్వాత భయం పట్టుకుంది. కథ తెగకూడని చోట తెగింది. మీరంతా రాయి తెచ్చేదాకా విన్నారు, తాడు పట్టుకునేదాకా విన్నారు, వద్దన్న మాట వినలేదు. రాయి కట్టమని డాక్టరమ్మే చెప్పిందని ఎవరైనా అనుకుంటే? గౌరి ఈ వేసవిలోనే ఈనుతుందని నువ్వే రాశావు. ఉద్యోగం నిలబెట్టుకోవడానికి కథ చెప్పాను, కథ అందం చూసుకుని మందును వెనక్కి పెట్టాను. ముందు వద్దని చెప్పి ఆ తర్వాత కథ చెప్పి ఉండాల్సింది.

సార్ ఏమన్నా అననీ. ఉద్యోగం సంగతి తర్వాత. ముందు గౌరి ఎలా ఉందో రాయి.

రేణు


కుందారపల్లి,
15 మే 2008

చి. రేణుకు,

నీ ఉత్తరం ఈ పొద్దు మధ్యాహ్నం వచ్చింది. గౌరి నిన్న పొద్దున్నే ఈనింది. భయపడకు, పూర్తిగా చదువు.

పెయ్యదూడ పుట్టింది, నుదుట తెల్ల మచ్చ. మధ్యాహ్నానికి మాయ పడలేదు. రంగమ్మ మొగుడు కేశవప్ప చింతపండు కొట్టే రాయే ఎత్తుకుని, తాడు పట్టుకుని వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. వద్దని చెప్పడానికి నాకు కూడా తెలియదు కదా. రంగమ్మ ఆవుకు అడ్డంగా నిలబడింది.

"ఆ పిల్ల కథ ఇంకా తేలలేదు. లక్ష్మక్క ఆవు ఏమాయనో తెలిసేదాకా నా ఆవుకు రాయి కట్టేది లేదు."

"ఎవురో తళి ఆవు కథకూ మన ఆవుకూ ఏమి సంబంధమే?" అన్నాడు కేశవప్ప.

"తాడు పట్టుకుంటే ఆవు తల తిప్పి చూసినాదని చెప్పింది గదా. ఊరికే చూస్తాదా? ఆడికి రాంగానే ఆ పిల్ల గొంతు మారింది. ఊఁ కొట్టినదాన్ని నేను, నాకు తెలీదా? పో, రాయి ఆడ పెట్టి డాక్టరును పిలుచుకోని రా."

కేశవప్ప తిట్టుకుంటూ బస్సెక్కి కృష్ణగిరి పోయాడు. డాక్టరు సాయంకాలం వచ్చి చూసి మందు వేశాడు, రేపు మళ్ళీ వస్తానన్నాడు. గౌరి మేత తింటోంది. నీ ఉత్తరంలోని ముక్క రంగమ్మకు చదివి వినిపించాను. "ఇది నాకు మొన్ననే తెలుసు" అనింది. నువ్వు కథ వెనకాముందయిందని ఏడ్చావు కదా. వద్దన్న మాట నీ నోట రాకముందే ఆమెకు చేరింది. అయినా మందు ముందు చెప్పడం మంచిదే, అందరూ రంగమ్మలు కారు.

ఇక చెన్నకేశవ సార్ సంగతి. ఆయన ముందర చాట పెట్టి రంగమ్మ అనిన మాట ఇది. "ఊరికే కూసుంటే నిద్రొస్తాది సారూ. చేతికి పని ఉంటే చెవి మేలుకుంటాది." పాపం ఆయన చింతపండు గింజలు తీస్తూనే విన్నాడు. సుత్తులు ఆగినప్పుడు ఆయన చెయ్యి కూడా ఆగింది, నేను చూశాను. కరెంటు పోయిన తర్వాత వాన తగ్గేదాకా ఎవరూ లేవలేదు. బస్సెక్కేటప్పుడు ఆయన నన్ను పక్కకు పిలిచి, "ఇంతకూ ఆ ఆవు ఏమైందమ్మా?" అన్నాడు. "నాకు తెలియదు సార్. సీడీలో ఉంటే చూడండి" అన్నాను.

ఈ పొద్దు నీ ఉత్తరంతో పాటు తిమ్మరాజు చేతనే ఆయన కాగితం కూడా వచ్చింది. మే తర్వాత కూడా మంగళవారం మంగళవారం హాలు తెరవమని రాశాడు. కింద చేత్తో ఇంకో ముక్క ఉంది, వచ్చే మంగళవారం తనూ వస్తాడట. తాళంచెవి నా నడుముకే ఉంది.

లక్ష్మక్క ఆవు కథ మాకు బాకీ ఉన్నావు, ముగించాల్సిందే. అయితే దానికి ముందు రంగమ్మ తన ఆవు కథ చెబుతుందట. చాప తెచ్చి మైకు ముందర ఇప్పుడే వేసేసింది. ఆ పొద్దు ఊఁ కొట్టేది నువ్వట.

శశక్క